ఊరికే పరిగెత్తుతాండా

నవ్వేది ఉంటే టీ మింగినాక నవ్వండి. మళ్ళా ముక్కుల్లోకి పోయిందని నన్ను అనద్దండి. పోయిన ఆదివారం ఏం జరిగిందో తెల్సా? నేను నిక్షేపంగా బతికుండంగానే నా కోసం పులివెందుల నుంచి పూలదండ వచ్చింది! దానికంతా కారణం ఒక బస్సు. పాపం, బస్సు తప్పేం లేదులే. ఈ వయసులో నేను రోడ్డు మీద పరిగెత్తడమే తప్పు.

మీకు తెలుసు కదా, ప్రొద్దుటూరులో మా ఇంటి ముందర గదే నా టైలరింగ్ అంగడి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా మిషన్ ముందరే. రవికలు, పైజామాలు, చీరలకు ఫాల్సు. కాళ్ళకు అంతో ఇంతో పనుండేది, మిషన్‌కు మోటారు పెట్టించినాక అదీ పోయింది. బొటనేలు ఆనిస్తే చాలు, అదే కుడతాది. అట్ల కూర్చుని కూర్చుని నలభై దాటినా. ఊర్లో అందరి నడుం కొలతలూ నాకు తెలుసు, నా కొలత తీసుకోడానికే ధైర్యం చాల్లేదు.

అసలు కథ మా ఆడబిడ్డ రత్నమ్మ కూతురి పెండ్లిలో మొదలైంది. పులివెందులలో. కల్యాణమండపం మేడ మీద, లిఫ్టు పని చేయడం లేదు. రత్నమ్మ నా చేతికి పండ్ల తట్ట ఇచ్చి, "వదినా, బిన్నా పైకి పో, అయ్యవారు అరుస్తాండాడు" అనింది. ఎక్కినా. ఒక్కో మెట్టుకు ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటా ఎక్కినా. పైకి చేరేతలికి దేవుళ్ళు అయిపోయినారు, కండ్లు బైర్లు కమ్మినాయి. ఎదురుగా ఏదో కుర్చీ కనపడితే తట్టతో సహా దబ్బుమని కూలబడినా. బో మెత్తగా ఉంది. ఎర్ర మకమలు, బంగారు రంగు చేతులు. చూస్తే పెండ్లికొడుకు కుర్చీ! ఆ పిల్లోడు పక్కన నిలబడి, "పర్వాలేదత్తా, కూర్చోండి" అంటాండాడు. వీడియో తీసే ఆయప్పకైనా బుద్ధి ఉండాల కదా, ఆపకుండా తీసినాడు. ఇప్పటికీ ఆ పెండ్లి వీడియో వేస్తే పెండ్లికూతురి పక్కన మొదట కనపడేది నేనే, నోరు తెరుచుకుని.

ఆ వీడియో మా ఇంట్లో చూసినప్పుడు షమీమ్, ఎస్తేరు కూడా ఉన్నారు. షమీమ్‌ది మా ఎదురిల్లు. వాళ్ళాయన కువైట్‌లో ఉంటాడు, ఈమె ఈడ ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాది. ఎస్తేరుది పక్క సందు. హైస్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరూ ఎప్పటినుంచో పొద్దున్నే కాలేజీ గ్రౌండులో పరిగెత్తే రకం. వీడియో చూసి ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వినాం. నవ్వి నవ్వి షమీమ్ సడన్‌గా ఆపేసింది.

"అక్కా, నవ్వు సరే. నీకు ఆడ నిజంగానే ఊపిరి అందలేదు కదా?"

నేను వీడియో ఆపేసినా.

"రేపు మొబ్బున, తెల్లారకముందే మాతో రా."

"నేనా? పరిగెత్తడమా? నన్ను చూసి ఊరు నవ్వదా?"

"పెండ్లికొచ్చినోళ్ళంతా ఎట్లాగూ నవ్వినారు కదా. ఇంకెవరు మిగిలినారు?" అనింది ఎస్తేరు. లెక్కల టీచరు కదా, లెక్క తప్పదు.

మొదటి రోజు చీరలో పోయినా. ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో కొంగు, కాళ్ళకు మా పాప పాత బూట్లు. గేటు నుంచి గోల్‌పోస్టు దాకా పరిగెత్తి, ఆ పోస్టునే పట్టుకుని నిలబడినా. మర్నాడు షమీమ్ తన సల్వార్ కమీజు తెచ్చిచ్చింది. దాన్ని రెండు పక్కలా కుట్టు విప్పి వెడల్పు చేసుకోవడానికే నాకు ఒక పూట పట్టింది.

ఎస్తేరు పద్ధతి ఏందంటే, ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరిగెత్తు, తర్వాత స్తంభం దాకా నడువు. షమీమ్ పద్ధతి వేరే. పరిగెత్తేటప్పుడు మాట్లాడమంటాది. మాట రాకపోతే స్పీడు జాస్తి అయినట్టంట. నాకు బూట్ల లేసు కట్టుకునేతలికే మాట పడిపోయేది, ఇంక ఏం మాట్లాడేది?

మా ఇంటాయన రమణ అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతా, "ఎవరు తరుముతాండారే మిమ్మల్ని? ఎంత పరిగెత్తినా మళ్ళా ఈ ఇంటికే కదా రావాల, ఆ మాత్రానికి యాడికీ పోకుండా ఉంటే సరిపోదా?" అనేటోడు.

ఆ ఇద్దరి గురించి ఒక మాట చెప్పాల. వాళ్ళకు గాలి మాదిరి పోయే కాళ్ళుండాయి. అయినా ఒక్కనాడు కూడా నన్ను ఇడిసిపెట్టి ముందరికి పోలేదు. నేను నడిస్తే నడిచినారు, నిలబడితే నిలబడినారు. పండగల సీజన్లో రవికలు గుట్టలుగా పడి ఉంటే, "నేను రాలేను తల్లీ" అని లోపలినుంచే అరిచేదాన్ని. "సరే, రావద్దు. గేటు దాకా వచ్చి రానని మొగం మీద చెప్పి పో" అనేది ఎస్తేరు. నేను గేటు దాకా పోయేది. ఆడ ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని లాక్కునిపోయేది. ఎన్నిసార్లు మోసపోయినానో!

అట్లట్లా ఒక పొద్దున, యాడా ఆగకుండా గ్రౌండు చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చినా. నాకు తెలియనే లేదు. ఎస్తేరు నిలబడి, "పద్మా, స్తంభాలన్నీ అయిపోయినాయి" అనింది. నేను ఆడనే కూర్చుని ఏడ్చినా. షమీమ్ నీళ్ళిచ్చింది. ఎందుకేడుస్తాండావని ఇద్దరూ అడగలేదు.

సరే, ఆ ఆదివారం దగ్గరికొస్తా. ఎస్తేరు పుట్టినిల్లు జమ్మలమడుగు. ఆడినుంచి మైలవరం డ్యాము దాకా ముగ్గురం పరిగెత్తాలని ప్లాను. నా జన్మలో అంత దూరం ఎప్పుడూ పరిగెత్తలేదు. శనివారం రాత్రి ఎస్తేరు వాళ్ళమ్మ ఇంట్లో పండుకున్నాం. మా ఇంటాయన పొద్దున్నే బండిమీద బొరుగుల ఉగ్గాని, బజ్జీలు కట్టించుకుని డ్యాము కాడికొచ్చి కాచుకోనుంటానన్నాడు. నా ఫోను ఆయన చేతికే ఇచ్చినా. పరిగెత్తేటప్పుడు జేబులో ఎగిరెగిరి తొడకు కొట్టుకుంటాది మరి. ఎస్తేరు కాడ ఒకటి ఉంటే చాలనుకున్నాం.

వెలుతురు పడతానే బయలుదేరినాం. చల్లగా ఉంది. రెండు పక్కలా సెనగ చేలు. మాట్లాడుకుంటా పోతాండాం. అవును, నేను కూడా! సగం దూరం అయిపోయింది. అప్పుడు షమీమ్ అరికాల్లో ముల్లు దిగింది, బూటును చీల్చుకుని మరీ. రోడ్డు పక్కన చేలో మోటారు నీళ్ళు పడతాంటే ఆడ కూర్చుంది, ఎస్తేరు ముల్లు తీస్తాంది. నేనూ ఆగబోయినా.

"నువ్వు ఆగద్దు పద్మా! ఆగితే మళ్ళా కదలవు. చిన్నగా పోతా ఉండు, నిమిషంలో అందుకుంటాం" అనింది ఎస్తేరు.

నిజమే. నేను ఆగినానంటే చెరువులో దిగిన ఎనుము మాదిరి, ఎవరు లేపినా లేవను. కాబట్టి ఒక్కదాన్నే ముందరికి పోయినా. రోడ్డు మలుపు తిరిగింది. వాళ్ళు కనపడకుండా పోయినారు.

అప్పుడొచ్చింది ఎనకాల నుంచి బస్సు.

నన్ను దాటి పోయింది. పోయి, రవంత దూరంలో స్లో అయింది. ఆగింది. ఎవరో దిగేది ఉందేమోలే అనుకున్నా. ఎవరూ దిగలేదు. డ్రైవరు అద్దంలో నన్నే చూస్తాండాడు. కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చినాయి.

"రామ్మా, రా! ఆపినాంలే, రా!"

అయ్యో సామీ, నేను బస్సు కోసం పరిగెత్తుతాండానని అనుకుంటాండారే! వద్దు, పోండి అని చెయ్యి ఊపినా. దూరం నుంచి వాళ్ళకది ఆపండి, ఆపండి అన్నట్టు కనపడింది. "ఆపినాం తల్లీ, చిన్నగా రా, పడతావు!" అని ఇంకో నాలుగు గొంతులు. ఇట్ల కాదు, బిరబిరా పరిగెత్తి బస్సును దాటిపోతే వాళ్ళకే అర్థమైతాదని స్పీడు పెంచినా. అంతే! బస్సంతా ఈలలు, చప్పట్లు. "అబ్బబ్బ, ఏం ఉరుకుతాందిరా ఆయమ్మ! అంత అర్జంటు ఏముందో పాపం!"

తలుపు పక్కనుంచి దాటబోతాంటే లోపలినుంచి ఒక అవ్వ వంగి నా రెక్క పట్టుకునింది. ఎనకాల నుంచి ఇంకెవరో లుంగీ కట్టుకున్న ఆయప్ప, "ఎక్కమ్మా, ఎక్కు" అని చెయ్యందించినాడు. మెట్టు మీద కాలు పడిందో, వాళ్ళే పెట్టినారో ఇప్పటికీ తెలీదు. రైట్, రైట్ అన్నాడు కండక్టరు. బస్సు కదిలింది.

చెప్పాలని నోరు తెరుస్తాండా. మాట రాదే! అంత స్పీడుగా నేనెప్పుడూ పరిగెత్తలేదు మరి. అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చెమట తుడిచి, నీళ్ళ బాటిలు నోటికి పెట్టింది.

"ఎవరికి పాపా బాగలేదు? మొగుడికా?"

ఎవరికీ ఏం కాలేదవ్వా అని చెప్పాల నేను. "ఎవరికీ" అనేది గొంతులోనే ఉండిపోయింది. "కాలేదు" అనేది సగం ఊపిరితో పోయింది. బయటికొచ్చింది ఒకటే ముక్క.

"...లేదు."

అవ్వ నెత్తిన చెయ్యి పెట్టుకునింది. "అయ్యో, లేడంటమ్మా! మొగుడు లేడంట!"

డ్రైవరు పాట ఆపేసినాడు. కండక్టరు అప్పుడే ఆడోళ్ళ ఫ్రీ టికెట్టుకని నన్ను ఆధార్ కార్డు అడగబోతాండె, చెయ్యి ఎనక్కి తీసుకున్నాడు. డ్రైవరుతో, "రవంత తొక్కన్నా, పాపం" అన్నాడు. అవ్వ నన్ను గుండెకు హత్తుకుని, వాళ్ళ ముసలాయన పోయినప్పటి సంగతంతా చెప్పి ఏడుస్తాంది. ఆమె అట్ల గట్టిగా హత్తుకుంటే, నాకు ఉన్న రవంత ఊపిరి కూడా ఆడడం లేదు. తల అడ్డంగా ఊపితే, "తట్టుకోలేకపోతాంది బిడ్డ" అంటాండారు.

ఇంతలో ముందర సీట్లోంచి ఒకామె లేచి వచ్చి నా మొగం చూసి, "పద్మక్క కదా! మా పులివెందుల రత్నమ్మ వాళ్ళ వదినె! పెండ్లిలో చూసినా!" అనింది. చూడక ఏం చేస్తాది, కుర్చీలో కూర్చున్నది నేనే కదా. ఆయమ్మ నా తల నిమిరి, కండ్లు తుడుచుకుని, ఫోను చెవికి పెట్టుకుంటా తర్వాతి స్టాపులో దిగిపోయింది.

ఆయమ్మ దిగినాక వచ్చింది నాకు మాట!

"అవ్వా, ఎవరూ చావలేదు. మా ఆయన డ్యాము కాడ బజ్జీలు పెట్టుకోని కూర్చోనుండాడు."

అవ్వ ఏడుపు ఆపి నన్ను చూసింది. "మరి ఎందుకట్ల ఉరికినావు?"

"ఊరికే పరిగెత్తుతాండా."

"ఊరికేనా?"

"ఊరికేనవ్వా. ఆరోగ్యం కోసం."

అవ్వ నా చేతిలోంచి నీళ్ళ బాటిలు చిన్నగా ఎనక్కి తీసుకునింది. లుంగీ ఆయప్ప, "మరి చెయ్యెత్తి ఆపింది ఎవరమ్మా?" అని అడిగినాడు. డ్రైవరు పాట మళ్ళా పెట్టినాడు. కండక్టరు వచ్చి నిలబడి, "ఆధార్ కార్డు?" అన్నాడు.

"మా ఆయన కాడ ఉంది."

"పోయినాయన కాడనా?" అన్నాడు.

అప్పటికి డ్యాము స్టాపు వచ్చింది. వాళ్ళే దింపినారు, ఆపమని చెప్పే పనిలేకుండా.

ఇంక డ్యాము కాడ మా ఇంటాయన సంగతి వినండి. నా ఫోను మోగిందంట. ఎత్తితే రత్నమ్మ బోరున ఏడుస్తాంది. "వదినా, అన్న ఎట్ల పోయినాడు వదినా?"

"నేను యాడికీ పోలేదు రత్నా, డ్యాము కాడ ఉండా" అన్నాడంట ఈయన.

"నువ్వా అన్నా? మరి బస్సులో వదినె ఎవరి కోసం ఏడుస్తాంది?"

"వదినె బస్సులో యాడుంది? పరిగెత్తుకుంటా వస్తాంది."

ఆ ఫోను పెట్టినాడో లేదో, ఈయన ఫోనుకు ఎస్తేరు ఫోను. "అన్నా, పద్మ కనపడడం లేదు. ముల్లు తీసి తలెత్తేతలికి రోడ్డు మీద లేదు. మలుపు కాడ, చేలల్లో, కాలవ గట్టున అంతా చూసినాం. యాడా లేదన్నా."

ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మనిషి ఏం చేసినాడంటే, బజ్జీల పొట్లం ఆడనే పడేసి, బండి స్టార్ట్ కాకపోతే దాన్ని కూడా పడేసి, రోడ్డెంబడి పరిగెత్తినాడు. అవును, ఆయనే! చెప్పులు యాడ ఊడిపోయినాయో తెలీదు, ఉత్తకాళ్ళతో వస్తాండాడు.

నేను బస్సు దిగి నిలబడినా. ఎదురుగా ఈయన. నన్ను చూసి ఆగినాడు. రొప్పుతాండాడు. రోడ్డు మధ్యలో నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పెండ్లయి ఇన్నేండ్లకు నలుగురిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఏదో చెప్పాలని చూస్తాండాడు, మాట రావడం లేదు.

"చిన్నగా ఊపిరి తీసుకో" అని చెప్పినా. నాకు ఆ కష్టం బాగా తెలుసు కదా.

రవంత సేపటికి తేరుకుని, "పరిగెత్తుతానంటివే?" అన్నాడు.

"పరిగెత్తినా. బస్సు ఆగింది."

"ఆగితే ఎక్కుతావా?"

"ఎక్కించినారయ్యా!"

ఆయన నవ్వినాడు. నవ్వుతానే కండ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నా.

ఎస్తేరుకు ఫోను చేస్తే ఒక ఆటోలో ఇద్దరూ వచ్చి దూకినారు. షమీమ్ ఒక కాలికి బూటు లేదు, దుపట్టా అంతా బురద. కాలవలో దిగి చూసినారంట, నా కోసం! "యా అల్లా, అక్కా!" అని నా భుజం మీద నాలుగు దెబ్బలు వేసి, తర్వాత అదే భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఎస్తేరు మాత్రం, "పద్మా, దేవునికి స్తోత్రం. నువ్వు మా కంటే ముందర చేరుతావని ఏ లెక్క ప్రకారమూ అనుకోలేదు" అనింది.

ముగ్గురం డ్యాము కాడే ఉండాం. కానీ ఒకతి బస్సులో వచ్చింది, ఇద్దరు ఆటోలో వచ్చినారు. పరిగెత్తుకుంటా వచ్చింది మా ఇంటాయన ఒక్కడే. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని నెలలు దీని కోసమే కదా!

"షమీమ్, నీ కాలు ఎట్లుంది?" అని అడిగినా.

"ముల్లు పోయింది. ఎందుకక్కా?"

"నేను ఆ మలుపు కాడికి మళ్ళా పోతా. ఆడినుంచి పరిగెత్తుకుంటా వస్తా. మీరు కూర్చోండి."

ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఎస్తేరు ఆటోను చెయ్యెత్తి పిలిచింది. "ఒక్కదాన్నే పంపితే ఈసారి రైలెక్కుతావు" అని నాకంటే ముందర ఎక్కి కూర్చుంది.

మలుపు కాడ దిగి, మళ్ళా మొదలుపెట్టినాం. అప్పటికి ఎండెక్కింది. ఎనకాలే మా ఇంటాయన బండి మీద. ఎట్లనో స్టార్ట్ అయిందంట. బస్సు శబ్దం వినపడితే చాలు, అడ్డంగా నిలబడి, "ఆపద్దప్పా, పో, పో! ఆయమ్మ ఊరికే పరిగెత్తుతాంది!" అని అరుస్తాండాడు. చివర్లో నా కాళ్ళు నావి కాకుండా పోయినాయి. షమీమ్ కుంటుతానే ఆ పక్క, ఎస్తేరు ఈ పక్క. డ్యాము గట్టు కాడికి చేరి, ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని నిలబడినాం. ఎదురుగా నీళ్ళు తళతళా మెరుస్తాండాయి. అంత మంచి నీళ్ళను నేను ఎప్పుడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే ఒక కారు వచ్చి ఆగింది. రత్నమ్మ దిగింది, ఆమె మొగుడు దిగినాడు, ఆనాటి ఆ పెండ్లికొడుకు కూడా దిగినాడు. నేను కనపడడం లేదని మా ఇంటాయన పరిగెత్తుతానే రత్నమ్మకు ఫోనులో చెప్పినాడంట, దొరికినానని చెప్పడం మర్చిపోయినాడు. వదినె ఇంక లేదనుకుని ఏడ్చుకుంటా వచ్చినారు. పెండ్లికొడుకు చేతిలో, దారిలో ముద్దనూరులో కొన్న ఇంత లావు పూలదండ. నన్ను చూసి ఆ పిల్లోడికి దాన్ని యాడ దాచిపెట్టాల్నో తెలీలేదు.

"కొన్నది ఎందుకు పాడు చేయడం?" అని మా ఇంటాయన దాన్ని తీసుకున్నాడు. మా ముగ్గురి తలలూ దగ్గరికి చేర్చి, ఒకే దండ ముగ్గురికీ వేసినాడు. రత్నమ్మ ఏడుస్తానే ఫొటో తీసింది. ఉగ్గాని చల్లారిపోయింది, బజ్జీలు కాకులు తిన్నాయి. అయినా అంత రుచిగా నేను యాడా తినలేదు.

ఇట్లాంటిది మళ్ళా జరగకూడదని నేనొక ఉపాయం చేసినా. టైలర్ని కదా! పరిగెత్తే కమీజు వీపు మీద ఎర్ర దారంతో, దూరానికి కూడా కనపడేటట్టు, "నాకు బస్సు వద్దు" అని కుట్టుకున్నా. నిన్న పొద్దున బైపాస్ రోడ్డులో దాన్ని తొడుక్కుని పోయినా. ఎనకాల బస్సు వచ్చింది. డ్రైవరు చదివినాడు, నవ్వినాడు, హారను కొట్టి పోయినాడు. గెలిచినా అనుకున్నా. నాలుగడుగులు వేసినానో లేదో, ఒక ఆటో వచ్చి పక్కన ఆగింది.

"బస్సు వద్దని చూసినాలేక్కా. రా, ఎక్కు" అన్నాడు ఆయప్ప.

ఇప్పుడు దాని కింద "ఆటో కూడా" అని కుడతాండా. ఇంకేమన్నా బండ్లు ఉంటే ఇప్పుడే చెప్పండి. నా వీపు మీద జాగాకేం కొదవ లేదు.